దీన్ దయాళ్ కెమెరా ముందు

రేణిగుంటలో రాత్రి రైలెక్కి పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగేవాళ్లు మనలో ఎందరో. ఒకప్పుడు దేశమంతటా పేరుమోసిన ఫోటో స్టూడియో ఆ ఊళ్లోనే ఉండేది. దాన్ని నడిపినవారు రాజా దీన్ దయాళ్.

1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో సర్కారు కొలువు చేస్తూ కెమెరా పట్టారు. తర్వాత హైదరాబాద్ చేరి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు.

ఆయన బొమ్మలన్నీ గాజు పలకల మీద పడ్డవి. ఎదుట కూర్చున్న మనిషి కాస్త కదిలినా బొమ్మ చెదిరేది. అందుకే వెనక తెర, కుర్చీ, చెయ్యి ఆనించే బల్ల, ఒరలో కత్తి, అన్నీ ముందే చూసుకోవాలి. ఇంత కట్టుదిట్టంలోనూ ఆ ముఖాల్లో నిబ్బరం, జీవం కనబడతాయి. అదే ఆయన గొప్పతనం.

ఇంకా మెచ్చుకోవలసింది 1892 నాటి పని. ఘోషా స్త్రీల కోసం హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల అందరూ ఆడవాళ్లే. బాధ్యత ఒక ఆంగ్ల మహిళది. పరాయి మగవాడి కంటబడని ఇల్లాళ్లు అక్కడ నిశ్చింతగా ఫోటో దిగారు.

దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.