లెక్క ఎవరి భాషలో ఉంటే పెత్తనం వాళ్లదే

(రోలుగుంటలో ఆదివాసీ యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది చేతుల్లో ఫోన్ ఉంది. అది చెడ్డదని చెప్పడానికి నేను రాలేదు. కొండ మీదికి కొత్తది ఏదొచ్చినా దాని వెనకే ఒక లెక్క వస్తుంది. ఆ లెక్కకో భాష ఉంటుంది. ఆ భాష మనకి రాకపోతే ఏమవుతుందో మన చరిత్రే చెప్తుంది.

1882లో తెల్లదొరలు మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. అంతవరకూ పోడు మన బతుకు. ఆ తర్వాత అదే పోడు నేరమైపోయింది. రిజర్వు, పర్మిట్, గార్డు అనే మాటలు అప్పుడు దిగాయి. వాటికి మన భాషల్లో మాటలు లేవు, ఎందుకంటే మన దగ్గర ఆ పనే లేదు.

కలప కిందికి దిగాలన్నా, అధికారులు పైకెక్కాలన్నా రోడ్డు కావాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనిలో బాస్టియన్ అనే అధికారి మన్యం జనం చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. మన్యం తిరుగుబాటుకి అదీ ఒక కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది వట్టినే కాదు.

సంతలో జరిగిందీ ఇదే. మన చింతపండు, పసుపు, కరక్కాయలు కిందికి పోయాయి. ఉప్పు, బట్ట, అప్పు పైకొచ్చాయి. పద్దు రాసేది సావుకారు. చదవలేనోడు సావుకారు చెప్పిందే బాకీ అని నమ్మాలి. ఆ బాకీ తీరేదాకా చాకిరీ చెయ్యడాన్నే గోతి అన్నారు. దాన్ని రద్దు చెయ్యడానికి 1940లో ప్రత్యేకంగా రెగ్యులేషన్ తేవాల్సొచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టిందీ దళారుల చేతిలోంచి మనల్ని తప్పించడానికే.

ఇప్పుడు పద్దు పుస్తకం ఫోన్‌లోకి వచ్చింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరుకి యాప్‌లో ఫోటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చోట ఫోటో ఎక్కకపోతే, పొద్దున్నించీ మట్టి తవ్విన మనిషి ఆ రోజు పనికి రానట్టే. రోగిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఈ రోలుగుంట మండలంలోనే ఉన్నాయి. అక్కడికి రోడ్డు కంటే ముందు యాప్ వచ్చింది. ఆ యాప్ కువి మాట్లాడదు.

ఇంకో సంగతి. ఈ కొండ ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతం లిస్టులో లేవు. అందుకే భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. కాగితం మీద ఒక మాట లేనందుకు మన భూమికి కాపలా లేదు.

మరి మనమేం చెయ్యాలి? ఫోన్ పారెయ్యక్కర్లేదు. దాంతో మన లెక్క మనం రాసుకోవాలి.

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా వర్తిస్తుంది. దాని నియమాల ప్రకారం ఊరి పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యమే. మీ అవ్వకి, తాతకి తెలిసిన గెడ్డ పేరు, గట్టు పేరు, పాత పోడు పేరు వాళ్ల భాషలోనే రికార్డు చెయ్యండి. తర్వాత కాగితం మీద రాసి గ్రామసభలో పెట్టండి. ఆ పేర్లు మర్చిపోతే భాషతో పాటు హక్కు రుజువు కూడా పోతుంది.

లిపి లేదని ఆగొద్దు. సవరల కోసం మంగెయ్ గొమాంగో 1936లో లిపి కట్టాడు. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. గుంజాల గోండి లిపి 2018లో ఎక్కింది. కువి, కొండ భాషల్ని తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. అంటే ఈ రాత్రే మొదలెట్టొచ్చు.

ఊరికో నోట్‌బుక్ పెట్టండి. ఎవరు ఏ రోజు పనికెళ్లారో, సంతలో ఏది ఎంత తూగిందో, ఎంతిచ్చారో అందులో రాయండి. సిగ్నల్ లేని చోట కాగితం మస్టర్ ఇమ్మని అర్జీ పెట్టండి. ఆఫీసులో లెక్క తేడా వస్తే మన పుస్తకం తీసి చూపిద్దాం.