దేవుని గడప

స్నాతకులారా,

నేడు మీ చేతికందిన పట్టముపై మీ పేరును, తండ్రి పేరును, ఉత్తీర్ణులైన తరగతియు స్ఫుటముగా ముద్రింపబడి యున్నవి. ఇకమీదట ఏ కార్యాలయమునకు పోయినను ముందుగా ఆ కాగితమునే చూపవలసి యుండును. అట్టి కాగిత మేదియు నడుగని గడప యొకటి మన కడప చెంతనే యున్నది.

తిరుమల యాత్రికులు తొలుత దేవునికడపలోని లక్ష్మీవేంకటేశ్వరుని సేవించి పోవుట పూర్వాచారమగుటచే నిది తిరుమలకు గడప యనియు, ఆ గడపయే కడప యయ్యెననియు పెద్దలందురు. ఉగాదినాటి వేకువను అచ్చట బారులు తీరి నిలుచువారిలో ముస్లిము కుటుంబములు మెండు. బీబీ నాంచారి తమ యింటి ఆడపడుచనియు, ఆమెను పెండ్లియాడిన వేంకటేశ్వరుడు తమకు అల్లుడనియు వారి నమ్మకము. అందుచే కొబ్బరికాయతోపాటు బియ్యము, బెల్లము, చింతపండు మొదలగునవి భత్యముగా తెత్తురు. నాంచారి కథ కేది యాధారమని యడుగు చరిత్రజ్ఞులు కలరు. నేనును ఒకప్పుడు ఆ కోవలోని వాడనే. దైవమును తత్త్వముగా నెంచినచో తరతరములు వాదింపవచ్చును గాని, అల్లునిగా నెంచిన పిదప మర్యాద తప్ప మరేమి మిగులును? ఆ మర్యాద కొరకు ఎవరును తమ నమాజును విడువనక్కరలేదు.

ఈ సీమకిది క్రొత్త గాదు. దూదేకుల సిద్దయ్యను కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మముగారు ప్రియశిష్యునిగా చేకొనిరి. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశము చేసిన తుంగభద్రాతీరపు మంచాల గ్రామము, ఆదోని నేలిన సిద్ది మసూద్‌ఖాన్ ఇచ్చినదే. మన కడపలోని అమీన్‌పీర్ దర్గా ఉరుసునాడు గంధమునకు చేయి చాచువారిలో హిందువులెందరో మీరెరుగుదురు.

ఒక ఉగాదినాడు దేవునికడప బారులో నా ముందు నిలిచిన ముదుసలి కొంగున మూటను చూచి, "ఇంత బరువేల మోసితివి అవ్వా?" అని యడిగితిని. "అల్లుని గడపకు ఒట్టి చేతులతో ఎట్ల వస్తాం నాయనా?" అని నా అజ్ఞానమునకు నవ్వినది. అర్చకుడు, తలపై కప్పుకొన్న ఆ కొంగుమీదనే శఠగోపము నుంచెను. తీర్థము పుచ్చుకొని, తడి చేతిని కన్నుల కద్దుకొని, వెలికి వచ్చుచు మనుమని రెక్క పట్టుకొని, "గడప తొక్కకురా, దాటు" అని గద్దించి, తాను మోకాలిపై చేయి యానించి మెల్లగా దాటినది.