పాత కారు రంగుకు మళ్ళీ మెరుపు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపన్యాసాలివ్వడం నాకు చేతకాదు. నలభై ఏళ్ళుగా కార్లకు రంగులు వేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. "మన కుర్రాళ్ళు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు, వాళ్ళకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పండి" అని కార్యదర్శిగారు పట్టుబట్టారు. అందుకని ఈమధ్య నేను చేసిన ఒక బండి సంగతి చెబుతాను.

మన సభ్యుల్లోనే ఒకరి ఇంట్లో 1982 నాటి నీలంరంగు అంబాసిడర్ ఉంది. ఆ ఇంటి పెద్దాయన దాన్ని పెళ్ళిళ్ళకూ ఆస్పత్రులకూ కిరాయికి తిప్పి నలుగురు పిల్లల్ని చదివించారు. ఆయన పోయాక బండి షెడ్డులో పడి ఉంది. చెల్లెలి పెళ్ళికి దాన్ని బయటికి తీద్దామని కొడుకులు అనుకున్నారు. ఒక షాపువాళ్ళు "మొత్తం గీకేసి కొత్త రంగు కొట్టేద్దాం" అన్నారట. ఆ మాట విని తల్లిగారు నాకు కబురు పెట్టారు. "అన్నా, ఆయన రోజూ పొద్దున్నే చేత్తో తుడిచిన రంగు అది. గీకకుండా ఏమన్నా చేయగలవా?" అని అడిగారు.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. స్పేర్లు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ఫ్యాక్టరీలో పడిన రంగు మాత్రం ఎక్కడా దొరకదు. అందుకే, గీకే ముందు చూద్దాం ఆగండి అన్నాను.

మొదట అది ఏ రకం రంగో తెలియాలి. ఇప్పటి కార్లకు రంగు మీద అద్దంలాంటి క్లియర్ కోటు ఉంటుంది. ఆ కాలపు సాదా రంగుల మీద అది ఉండేది కాదు, మెరవాల్సింది రంగే. తెల్లగుడ్డకు కాస్త పాలిష్ అద్ది ఓ మూల రుద్దాను. గుడ్డ నీలంగా మారింది. అంటే క్లియర్ కోటు లేదు, నేను రుద్దిన ప్రతిసారీ పోయేది అసలు రంగే. ఎండకు పైపొర చచ్చి పొడిబారితే బండి సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. ఆ చచ్చిన పొరను తీసేస్తే కింద ప్రాణమున్న రంగు బయటపడుతుంది. మనం చేసేదంతా తీసివేతే. ఈ పనిలో కూడిక లేదు.

అయితే ఎంత ఉంది తీయడానికి? మనం రాసుకునే కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. కారు మీద ప్రైమరుతో కలిపి ఉండేది కూడా ఇంచుమించు అంతే. నా మీటరు ఈ బండి డోర్ల మీద 130 చూపించింది. టాప్ మీద 80కి కాస్త అటూ ఇటూ. ఎడమ ముందు మడ్‌గార్డ్ మీద 600! కుర్రాళ్ళు దాన్ని చూసి బోలెడు రంగుందని సంబరపడ్డారు. అది రంగు కాదు నాయనా, ఎప్పుడో గుద్దుకుంటే పెట్టిన లప్పం. మీటరు ఇనుము దాకా ఉన్నదంతా కలిపి లెక్కపెడుతుంది. అందులో రంగు ఎంతో అది చెప్పదు.

బండి బాగా కడిగి, అంచులకూ డోర్ గీతలకూ బానెట్ ఒంపులకూ టేపు వేయించాను. అలాంటి చోట్ల రంగు పల్చగా ఉంటుంది, చెయ్యి మాత్రం అక్కడే గట్టిగా పడుతుంది. 2000 నంబరు వాటర్ పేపరును సబ్బునీళ్ళలో నానబెట్టి, రబ్బరు బిళ్ళకు చుట్టి, ఒకే దిక్కున తిన్నగా రుద్దాం. గుండ్రంగా తిప్పకూడదు. తర్వాత 3000 నంబరుతో దానికి అడ్డంగా. అడ్డంగా ఎందుకంటే, ముందటి గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. నాలుగు చేతులు రుద్దగానే నీళ్ళు తుడిచి, ఆరనిచ్చి చూడాలి. తడిగా ఉంటే ప్రతి కారూ కొత్త కారే!

ఇంకొక మాట. ఆనాటి రంగుల్లో, ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చవద్దు. తడిగానే రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టండి, ఆ బట్టలతో ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవద్దు. మా తరంలో ఇది చెప్పినవాళ్ళు లేరు.

ఇక మిషన్. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఉస్తాద్ భోజనానికి వెళ్ళిన సమయంలో, నా తెలివి చూపిద్దామని ఒక డాక్టరుగారి ఫియట్ బానెట్ మీద బఫింగ్ మిషన్ పెట్టాను. అంచు దగ్గర ఒక్క క్షణం ఆపాను. అంతే, బొటనవేలంత మేర రంగు కాలిపోయి ఎర్ర ప్రైమరు బయటపడింది. ఉస్తాద్ వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. డాక్టరుగారు వచ్చేదాకా ఆ బండి పక్కనే నన్ను నిలబెట్టి, నా నోటితోనే చెప్పించారు. ఆ బానెట్ మొత్తం మళ్ళీ రంగు వేయాల్సి వచ్చింది. ఆ చివర ఈ చివర కలవని రెండు నీలాలతో ఆ బండి చాలా ఏళ్ళు మా వీధిలోనే తిరిగింది. ఎదురైనప్పుడల్లా నేను పక్కకు చూసేవాణ్ణి.

అందుకే మిషన్ వేగం 1200 దాటనివ్వను. ఉన్ని ప్యాడుతో కాంపౌండ్, ఆ తర్వాత ఫోమ్ ప్యాడుతో మెత్తని పాలిష్. మిషన్ ఎక్కడా నిలవకూడదు. మధ్యమధ్య అరచెయ్యి ఆనించి చూడాలి, చెయ్యి ఓర్చుకోలేనంత వేడి ఉంటే ఆపేయాలి. ప్యాడు రంగుతో నిండిపోతుంది కాబట్టి బ్రష్షుతో దులుపుతుండాలి. చివరికి మైనం.

డోర్లు, డిక్కీ అద్దంలా వచ్చాయి. టాప్ మీద మాత్రం నేను వాటర్ పేపరు పెట్టలేదు, మిషనూ పెట్టలేదు. నూనె గుణమున్న గ్లేజ్ పట్టించి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చేత్తో తుడిచాను. రంగు కాస్త ముదిరింది గానీ మెరవలేదు. పెద్దకొడుకు మొహం ముడుచుకున్నాడు. "పైన అలాగే వదిలేశారేమిటి మామా, డబ్బులు పూర్తిగానే ఇస్తున్నాం గదా" అన్నాడు. డబ్బుల సంగతి కాదని మీటరు పెట్టి చూపించాను. అతనికి నచ్చలేదు. తల్లిగారు మాత్రం డోరు పిడి దగ్గర చాలాసేపు చెయ్యి ఉంచారు. అక్కడ ఆయన ఉంగరం పడిన గీతలు కొన్ని లోతుగా ఉన్నాయి. వాటిని తీయాలంటే రంగంతా పోతుంది గనుక వదిలేశాను. అవి ఉన్నందుకు ఆమె ఏమీ అనలేదు.

ఆ బండిని ఈరోజు ఇక్కడికి తెప్పించాం. బయట వేపచెట్టు కింద ఉంది. సభ అయ్యాక నేర్చుకునే కుర్రాళ్ళు రండి, ఎండలోకి తీయించి చూపిస్తాను. మీటరు కూడా తెచ్చాను, ఎవరి చేత్తో వాళ్ళు కొలుచుకోవచ్చు. టాప్ మీద మాత్రం ఎవరూ రుద్దకండి.