ఆవలి యొడ్డు



నేను బీచుపల్లి ప్రాంతమువాఁడను. ఇచ్చట కృష్ణానదీతీరమున ఆంజనేయస్వామి ఆలయము ప్రసిద్ధము. నేఁడు వంతెనమీఁదుగా నిమిషములలో నది దాటుచున్నాము. నా బాల్యమున వంతెనలేని రేవులయందు పుట్టియే శరణ్యము. వెదురుబద్దలతో నల్లిన ఆ గుండ్రని పుట్టి సుడిలోఁ దిరుగునప్పుడు, గట్టునఁ బలికిన వేదాంతమంతయు మఱచి, తెడ్డు పట్టినవాని ముఖమే చూచుచుంటిమి. ఆ చూపే నా ప్రసంగమునకు మూలము.

మార్కు సువార్త నాల్గవ అధ్యాయమున నొక కథ కలదు. గలిలయ సరస్సు సుమారు 13 మైళ్ల నిడివి, 8 మైళ్ల వెడల్పు గలది. సముద్రమట్టమునకు దాదాపు 700 అడుగుల దిగువ నున్నది. చుట్టునున్న కొండలనుండి గాలి దూఁకుటచే నచ్చట హఠాత్తుగాఁ దుపాను లేచును. ఒక సాయంకాలము క్రీస్తు శిష్యులతో నావలి యొడ్డునకు బయలుదేరెను. అలలు దోనెలోనికిఁ గొట్టుచుండఁగా ఆయన వెనుకభాగమున నిద్రించుచుండెను. శిష్యులు భయపడి లేపిరి. ఆయన గాలిని గద్దించెను, సరస్సు నెమ్మదించెను.

ఈ కథను బడిలోఁ బలుమార్లు చెప్పితిని. కాని 2009 అక్టోబరులోఁగాని దానిని నేను చదువలేదు. ఆ నెలారంభమున కృష్ణా తుంగభద్రలు పొంగెను. కర్నూలు, అలంపురము మునిఁగెను. 885 అడుగుల పూర్తిమట్టము గల శ్రీశైల జలాశయమున నీరు 896 అడుగులు దాటెను. నది మా వాకిటికి వచ్చిన రాత్రి, మోకరించి నీరు నిలువుమని వేఁడుకొంటిని. నీరు నిలువలేదు. నా విశ్వాసము చిల్లిపడిన పుట్టివలె నయ్యెను.

అంతలోఁ బొరుగింటి వృద్ధురాలు, ఆంజనేయుని భక్తురాలు, కేక వేసెను: "పంతులూ! దండం మళ్ల పెట్టుకుందువుగాని, ముందుగాల మా ముసలాయన మంచం ఓ కొస పట్టు!" లేచి పట్టితిని. తెల్లవాఱులోపల మఱి ముగ్గురిని మెట్టకుఁ జేర్చితిమి. నా యిల్లును, నలువదేండ్లు కూర్చుకొన్న పుస్తకములును నీటిపాలయ్యెను. కాని ఆ మంచము మోయునప్పుడు నాలో భయము లేదు. నది నెమ్మదింపలేదు, నేను నెమ్మదించితిని.

పిదప ఆ కథను మరలఁ జదివితిని. మూఁడు మాటలు కొత్తగాఁ గనఁబడెను. మొదటిది: క్రీస్తు తుపాను నణఁచుటకుఁ బ్రయాణము చేయలేదు. ఆవలి యొడ్డున సమాధులలోఁ దిరుగు నొక దీనుని స్వస్థపఱచెను. అద్భుతము దారిలోనిది, సేవ గమ్యము. రెండవది: ఆయనవెంట వేఱు దోనెలు కూడ నుండెనని మార్కు వ్రాసెను. నెమ్మది ఆ దోనెలకును గలిగినదిగదా! వానిలోనివారి మతమేమని యెవరును విచారింపలేదు. మూఁడవది: ఆయన దోనెలో నున్నను తుపాను వచ్చినది. కనుకఁ గష్టము వచ్చినవానిని విశ్వాసహీనుఁడని నిందింపరాదు.

అపొస్తలుల కార్యములలోఁ బౌలు కథయు నిదే చెప్పుచున్నది. పదునాలుగు రాత్రులు తుపాను కొట్టినను ఆయనకొఱకు గాలి యాఁగలేదు. ఓడ పగిలెను, అందలి 276 మందియు బ్రదికిరి. దానికి ముందు ఆయన రొట్టె విఱిచి, తాను దిని, అందఱికి ధైర్యము కలిగించెను.

పెద్దలారా! పంట యెండినను, బిడ్డకు జ్వరము వచ్చినను ప్రార్థింపుఁడు. వైద్యునికడకుఁ గూడఁ బోవుఁడు. గాలి నిలుచునో నిలువదో మన చేత లేదు. పొరుగువాని మంచపుకొస మాత్రము మన చేతికందుచునే యున్నది. దానిని బట్టిన చేయి వణఁకకుండుటయే నేను ప్రతిదినము కోరు నద్భుతము.