స్వర్ణోత్సవ వేదికకు వంగపండు రంగు
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి కనీసం పదిమంది నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "స్వర్ణోత్సవం అంటే బంగారు రంగు కదమ్మా, ఈ వంగపండు రంగు తెరలేమిటి?" అని. వేదిక అలంకరణ నాకు అప్పజెప్పారు కాబట్టి జవాబు చెప్పడం కూడా నా పనే. కార్యదర్శిగారు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఇళ్లకు, వేదికలకు రంగులు కుదర్చడమే నా వృత్తి కనుక, ఈ ఒక్క రంగు గురించే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

ముందు తెరల సంగతి. డ్రాయింగ్ క్లాసులో మనందరం రంగుల చక్రం వేశాం. అందులో పసుపుకు సరిగ్గా ఎదురుగా ఉండేది ఊదా. ఎదురెదురు రంగులు పక్కపక్కన పడితే ఒకదాన్ని ఒకటి ఎత్తి చూపిస్తాయి. ఈ తెర తెల్లగా ఉంటే బంతిపూల దండలు వెలవెలబోయేవి. ఎర్రగా ఉంటే అందులో కలిసిపోయేవి. ఊదా మీద పడ్డాయి కాబట్టి ఆఖరి వరసలో కూర్చున్నవారికి కూడా పువ్వు పువ్వూ కనిపిస్తోంది. బంగారాన్ని చూపించడానికే ఈ రంగు పెట్టాం.

ఇదేమీ కొత్త విషయం కాదు. తెలంగాణలో బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. గునుగు పూలకు రంగులద్ది, పచ్చటి తంగేడు పూల వరసల మధ్య పేరుస్తారు. ఊదా రంగద్దిన గునుగు వరస పక్కన తంగేడు ఎంత మెరుస్తుందో చూసినవారికి తెలుసు. వాళ్లకు రంగుల చక్రం ఎవరూ నేర్పలేదు.

ఇంతకీ ఊదా అంటే ఏ రంగు? షాపులో "ఊదా చూపించండి" అని అడిగితే ఎనిమిది రకాలు తీసి ముందు పడేస్తారు. మన భాషలో దీనికి కూరగాయల పేర్లూ, పళ్ల పేర్లూ, పూల పేర్లూ ఉన్నాయి. వంగపండు రంగు, నేరేడు పండు రంగు, డిసెంబరు పూల రంగు, బీట్‌రూట్ రంగు. ఇప్పుడు వైన్, లావెండర్, మెజెంటా కూడా వచ్చి చేరాయి. ఇన్ని పేర్లున్నా చూడవలసింది ఒక్కటే: ఇది ఎరుపు వైపు మొగ్గిందా, నీలం వైపు మొగ్గిందా? బీట్‌రూట్ ఎరుపు వైపు, డిసెంబరు పువ్వు నీలం వైపు. ఎరుపు వైపు మొగ్గినది గదికి వెచ్చదనం ఇస్తుంది. నీలం వైపు మొగ్గినది చల్లగా అనిపిస్తుంది. ఈ తేడా పట్టుకుంటే రంగుల జోడింపు సగం వచ్చేసినట్టే.

మన సైన్సు మాస్టారు పట్టకం పట్టుకుని గోడ మీద ఏడు రంగులు చూపించేవారు. పాఠ్యపుస్తకంలో మొదటి రంగు ఊదా అని రాసి ఉండేది. ఆ అంచున కనిపించే ఊదా వేరు, ఈ వంగపండు రంగు వేరు. వంగపండు రంగు ఇంద్రధనుస్సులో లేదు. ఎరుపు కాంతి, నీలి కాంతి రెండూ కలిసి కంటికి చేరి, మధ్యనున్న ఆకుపచ్చ తక్కువైనప్పుడు మన మెదడు తయారుచేసుకునే రంగు ఇది.

మన నేతగాళ్ల మగ్గం మీద కూడా ఇదే జరుగుతుంది. పడుగు ఎర్ర పట్టు, పేక నీలి పట్టు పెట్టి నేస్తే వచ్చే చీర దూరం నుంచి ఊదాగా కనిపిస్తుంది. మడత పడ్డచోట ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం తొంగి చూస్తాయి. షాపువాళ్లు డబుల్ షేడ్ అంటారు. ఆ చీరలో ఊదా దారం ఒక్కటి కూడా లేదు. ఆ రంగు తయారయ్యేది చూసేవారి కంట్లో.

రెండు రంగుల కలయిక కాబట్టే దీనికి వెలుగుతో పేచీ ఎక్కువ. పచ్చటి బల్బు వెలుగులో నీలం పాలు తక్కువ. ఆ వెలుగులో వంగపండు రంగు గోధుమ వైపో, మెరూన్ వైపో జారుతుంది. తెల్లటి ట్యూబులైటు కింద నీలం వైపు జారుతుంది. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద 2700 కె అని ఉంటే పచ్చటి వెలుగు, 6500 కె అని ఉంటే తెల్లటి వెలుగు. మన అమ్మమ్మలు చీర కొనేముందు షాపు గుమ్మం దాటి ఎండలోకి పట్టుకెళ్లి చూసేవారు. అది చాదస్తం కాదు. మీరూ అలాగే చూడండి. మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ అయితే మరీను.

ఈ రంగు వెనకాల పెద్ద చరిత్రే ఉంది. ఇప్పటి లెబనాన్ తీరంలో టైర్ అనే పాత రేవు పట్నం ఉంది. అక్కడ సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీసేవారు. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తల నుంచి రంగు తీస్తే చేతికొచ్చింది 1.4 గ్రాములు. పరీక్షిస్తే అది మన నీలిమందు లాంటిదే, అదనంగా రెండు బ్రోమిన్ పరమాణువులు ఉన్నాయంతే. అంత కష్టపడితేగాని రాని రంగు కనుకే రోమన్ చక్రవర్తులు దాన్ని తమ హోదాకు గుర్తుగా పెట్టుకున్నారు. మామూలు మనుషులు కట్టడానికి వీల్లేకుండా చట్టాలు కూడా వచ్చాయి.

మన తీరంలో నత్తలతో పని పడలేదు. కృష్ణా తీరప్రాంతంలో చిరువేరు అనే మొక్క వేళ్ల నుంచి రంగు తీసేవారు. మచిలీపట్నం కలంకారీ బట్టలకు పేరు తెచ్చిన ఎరుపు అదే. కరక్కాయ నీళ్లలో తడిపిన గుడ్డ మీద పటిక అద్దిన చోట ఆ వేరు ఎరుపునిస్తుంది. ఇనుము నీళ్లు అద్దిన చోట నలుపు వైపు తిరుగుతుంది. పటిక, ఇనుము పాళ్లు కలిపి అద్దితే ఊదా వస్తుంది. ఇనుము నీళ్లంటే మరేమీ కాదు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వచ్చేవి. చక్రవర్తులకు నత్తలు కావలసిన చోట మనవాళ్లు వేళ్లతో, పటికతో, తుప్పుతో సాధించారు.

ఆ తర్వాత కథ 1856లో లండన్‌లో మారింది. విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియాకు మందైన క్వినైన్‌ను కృత్రిమంగా చేయబోయాడు. క్వినైన్ రాలేదు. గాజు పాత్రలో మిగిలిన నల్లటి మడ్డి నుంచి మావ్ అనే ఊదా రంగు వచ్చింది. అదీ తారు నుంచి తీసిన పదార్థంతో. 1858లో విక్టోరియా రాణి తన కూతురి పెళ్లికి ఆ రంగు గౌను వేసుకుంది. రాజుల రంగు కొద్ది ఏళ్లలోనే బజారులోకి వచ్చేసింది. ఇక్కడున్న విద్యార్థులు ఒకటి గుర్తుపెట్టుకోండి, అప్పటికి పెర్కిన్ వయసు మీ ఇంటర్ సీనియర్ల వయసే.

ఇప్పుడది ఎంత మామూలు రంగైందంటే, మన టీసీ మీద హెడ్మాస్టరుగారి రబ్బరు స్టాంపు ఊదా. మోకాలు చీరుకుపోతే పీఈటీ మాస్టారు రాసిన జెన్షన్ వయొలెట్ ఊదా. పద్దెనిమిదేళ్లు నిండాక మొదటి ఓటు వేసినప్పుడు వేలికి పెట్టిన సిరా ఊదా.

ఇక ఇంటి సంగతి. చాలామంది వచ్చి "హాలంతా పర్పుల్ వేయించాలి" అంటారు. ముదురు ఊదా వెలుగును మింగేస్తుంది. కిటికీలు తక్కువున్న గదికి నాలుగు గోడలా వేస్తే పగలే లైటు వేసుకోవాలి. ఒక్క గోడ చాలు, అదీ కిటికీకి ఎదురుగా వెలుగు పడే గోడ. మిగతా మూడూ మీగడ రంగో, లేత బూడిద రంగో ఉంటే బాగుంటుంది. మా వృత్తిలో ఒక లెక్క చెబుతారు: గదిలో 60 పాళ్లు నెమ్మదైన రంగు, 30 పాళ్లు దానికి తోడు రంగు, 10 పాళ్లు కంటికి తగిలే రంగు. ముదురు ఊదాను ఆ 10లో పెట్టండి. లేత లావెండర్ అయితే 30 వరకు వెళ్లొచ్చు.

గోడకు రంగు వేయించే ముందు రెండడుగుల చదరంలో రెండు కోట్లు వేయించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి లైటు వేశాక ఒకసారి చూడండి. మూడు వేళలా నచ్చితేనే డబ్బా కొనండి. కార్డు మీద అంగుళం ముక్క చూసి నిర్ణయించవద్దు.

అద్దె ఇంట్లో ఉన్నవారు గోడల జోలికి వెళ్లనక్కర్లేదు. టేకు చెక్క సోఫా మీద రెండు వంగపండు రంగు దిండు గలీబులు, ఒక ఆవపిండి రంగు గలీబు వేసి చూడండి. చెక్క గోధుమ రంగుతో ఊదాకు మంచి స్నేహం. ఆకుపచ్చతోనూ అంతే. వంకాయ మీద ముచ్చిక ఏ రంగులో ఉంటుందో చూడండి, ఆ జోడీ ప్రకృతే కుదిర్చింది. పడమటి కిటికీకి ఊదా తెర వేస్తే ఎండకు తొందరగా వెలిసిపోతుంది. వెనకాల తెల్ల లైనింగ్ కుట్టించండి. కొత్త ఊదా బట్టను మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతికి నీడన ఆరేయండి. అమ్మ పాత పట్టుచీర చిరిగిపోతే పారేయకండి. బాగున్నంత మేర కత్తిరించి చట్రం కట్టించి హాల్లో పెట్టండి. జరీ అంచున్న వంగపండు రంగు చీర అయితే ఆ గోడకు ఇంకేం అక్కర్లేదు.

శుభకార్యాలకు ఊదా కట్టొచ్చా అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. వాళ్ల అభ్యంతరం నలుపు గురించి. మరీ ముదురు ఊదా రాత్రి లైట్లలో నల్లగానే కనిపిస్తుంది. కాబట్టి రాత్రి ముహూర్తానికి మధ్యరకం ఊదా ఎంచుకోండి, జరీ అంచో ఆవపిండి రంగు అంచో ఉండేలా చూడండి. పెద్దవాళ్ల మాట దక్కుతుంది, మీ ముచ్చటా తీరుతుంది. మగవాళ్లకు లేత లావెండర్ చొక్కా, బూడిద రంగు ప్యాంటు ఎక్కడికైనా చెల్లుతుంది. పంచె కట్టేవారికి ఊదా అంచు కండువా ఒక్కటి చాలు.

చివరగా ఒక మాట చెప్పాలి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీనికోసమే.

బట్టల షాపులో చామనఛాయ పిల్ల ఊదా చీర మీద చెయ్యి వేయగానే పక్కనున్న అత్తయ్యో పెద్దమ్మో "అది తెల్లగా ఉన్నవాళ్లకేనే, నీకు నప్పదు" అనేస్తారు. ఈ సభలో ఆ మాట విన్న అక్కచెల్లెళ్లు చాలామందే ఉంటారు. నప్పకపోతే మార్చవలసింది చీర. కానీ ఆ మాట విన్న పిల్ల తప్పు తన ఒంటి రంగుదనుకుంటుంది. పన్నెండేళ్లకు విన్న మాట నలభై ఏళ్లకు కూడా గుర్తుంటుంది. అంతవరకు బీరువాలో లేత గులాబీ, మీగడ రంగు తప్ప మరొకటి ఉండదు.

పనిలో నేను చూసింది చెబుతాను. ముదురు వంగపండు, నేరేడు రంగులు నల్లటి ఒంటి మీద ఎంత నిండుగా ఉంటాయో తెల్లటి ఒంటి మీద అంత నిండుగా ఉండవు. తెల్లటి ఒంటి మీద ముందు చీర కనబడుతుంది. నల్లటి ఒంటి మీద చీర, మనిషి కలిసి కనబడతారు. బూడిద కలిసినట్టుండే పాలిపోయిన లావెండర్ మాత్రం చాలామందికి కళ తగ్గిస్తుంది, తెల్లనివాళ్లకు కూడా. పరీక్ష సులువు. పగటిపూట కిటికీ దగ్గర అద్దం ముందు నిలబడి గుడ్డను గడ్డం కింద పట్టుకోండి. ముందు మీ కళ్లు కనిపిస్తే ఆ రంగు మీది. ముందు గుడ్డ కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఈ పరీక్షకు అత్తయ్య అక్కర్లేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వార్షికోత్సవం డాన్సుకు బట్టలు పంచేటప్పుడు, ఎవరికి ఏ రంగు, ఎవరు ముందు వరస అని తేల్చేటప్పుడు, పిల్లల ఒంటి రంగు ఆ లెక్కలోకి రానివ్వకండి. "నీకు ఈ రంగు నప్పదు" అనే మాట బడిలో వినబడకుండా చూడండి. ఇంట్లో విన్న మాటను బడి తుడిచేయగలదు. బడిలో విన్న మాటను తుడిచేవారు ఉండరు. మా గురువుల చేతి చాక్‌పీసు మాకెన్నో తప్పులు దిద్దింది. ఈ ఒక్కటి కూడా మీ చేతులమీదుగా దిద్దితే ఈ యాభై ఏళ్ల పండగకు నిండుదనం వస్తుంది.

ఈ సాయంత్రం సభ అయ్యాక ఈ తెరలు వృథా పోవు. మామూలు కాటన్ గుడ్డే కొన్నాం. కొలిచి కత్తిరించి లైబ్రరీ కిటికీలకు కుట్టించడానికి సంఘం ఒప్పుకుంది. వెనకాల తెల్ల లైనింగ్ కూడా వేయిస్తున్నాం. ఆ గదిలోవి టేకు బీరువాలు, మీగడ రంగు గోడలు. రంగు ఎలా కుదిరిందో వచ్చే ఏడు వచ్చినప్పుడు చూసి మీరే చెప్పండి.