మన ఇంట్లో ఎన్ని సూదంటురాళ్లు?

 

ఈ స్వర్ణోత్సవ సభలో సైన్సు గురించి కాసేపు మాట్లాడమన్నారు. పెద్ద సంగతుల జోలికి పోకుండా, మనందరి ఇళ్లలో ఉన్నదాని గురించే చెబుతాను. అదే అయస్కాంతం. మన పెద్దలు దాన్ని సూదంటురాయి అన్నారు. సూదిని అంటించుకునే రాయి అన్నమాట. ఇప్పటి అయస్కాంతాలతో వచ్చిన చిక్కల్లా, అవి ఎక్కడున్నాయో మనకు కనబడకపోవడమే.

ఒకసారి లెక్కపెడదాం. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు లోపల ఒక అయస్కాంతపు పట్టీ ఉంటుంది. గడియ లేకపోయినా తలుపు బిగుసుకునేది దానివల్లే. టీవీ, ఫోను స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌కు రెండు ఉంగరాల్లాంటి అయస్కాంతాలుంటాయి. మన పాత సీలింగ్ ఫ్యానులో మాత్రం శాశ్వత అయస్కాంతం లేదు. కరెంటు పారినప్పుడే తీగచుట్ట అయస్కాంతమవుతుంది. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యానులో శాశ్వత అయస్కాంతాలు పెట్టారు. అందుకే 75 వాట్లు తినే చోట సుమారు 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 13 యూనిట్లు మిగిలినట్టే.

1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వారుగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి కొత్త అయస్కాంతం తయారుచేశారు. ఫోన్లు, ఇయర్‌ఫోన్లు ఇంత చిన్నవి కావడంలో దాని పాత్ర చాలా ఉంది. అయితే ఆ బలంతోనే రెండు జాగ్రత్తలు కూడా వచ్చాయి.

మొదటిది మన వయసువాళ్లకు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారి దగ్గరకు బలమైన అయస్కాంతం వస్తే, ఆ పరికరం తన మామూలు పద్ధతి మార్చుకుంటుంది. షాక్ ఇచ్చే రకం పరికరమైతే, అవసరమైన వేళ ఇవ్వాల్సిన షాక్ ఆగిపోవచ్చు. దూరం జరిపితే సాధారణంగా మళ్లీ మామూలవుతుంది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో చెప్పిన సలహా, ఫోన్లను 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని. కాబట్టి ఫోను చొక్కా జేబులో వద్దు.

రెండోది మన మనవలకు, మనవరాళ్లకు. మెరిసే చిన్న చిన్న అయస్కాంతపు గుండ్లు ఆటవస్తువులుగా దొరుకుతున్నాయి. పిల్లలు ఒకటికి మించి మింగితే, పేగు గోడలకు అటొకటి ఇటొకటి చేరి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన పేగుకు రక్తం అందక చిల్లు పడుతుంది. మొదట్లో అది మామూలు కడుపునొప్పిలాగే ఉంటుంది. పైసా మింగినప్పుడు అరటిపండు పెట్టి ఎదురుచూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అయస్కాంతం విషయంలో అలా ఆగకండి. మింగారన్న అనుమానం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, మింగింది అయస్కాంతమని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం కాపాడవచ్చు.

ఇవాళ ఇంటికి వెళ్లాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో అయస్కాంతాలు ఎక్కడెక్కడున్నాయో లెక్కపెట్టించండి. వాళ్లకు సైన్సు వస్తుంది. ఆ చిన్న గుండ్లు ఇంట్లో ఉంటే మీ కంటా పడతాయి.