షాపు లెక్కలకి టేప్ బ్యాకప్ అవసరమా? లాభాలు, నష్టాలు

ఈరోజు టాపిక్ టేప్ బ్యాకప్. "టేపా? అది మా నాన్న కాలం నాటి క్యాసెట్ కదా" అని నవ్వకండి. ఈ రోజుకీ పెద్ద పెద్ద డేటా సెంటర్లలో టేప్ నడుస్తూనే ఉంది. ఎందుకో చూద్దాం.

పాతబస్తీలో, పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల షాపు ఉందనుకోండి. బిల్లులు, స్టాకు, ఎవరు ఎంత ఉద్దెర ఉన్నారు, అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉన్నాయి. కంప్యూటర్ పోతే ఇంకోటి కొనొచ్చు. ఉద్దెర లెక్క పోతే ఎక్కడ కొంటాం?

ఆ లెక్క పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి నీళ్లు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో రెండు ఒడ్లూ మునిగాయి. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. 2020 అక్టోబర్‌లో కూడా పాతబస్తీ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కంప్యూటర్ పక్కనే బ్యాకప్ హార్డ్ డిస్క్ పెడితే రెండూ కలిసే మునుగుతాయి.

రెండోది రాన్సమ్‌వేర్. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాగే ఆగిపోయి, చాలా రోజులు కాగితాల మీద పని నడిపారు. ఈ వైరస్ కంప్యూటర్‌కి కనెక్ట్ అయి ఉన్న బ్యాకప్‌ని కూడా లాక్ చేసేస్తుంది.

టేప్ బలం ఇక్కడే ఉంది. రాసేశాక క్యాసెట్ బయటికి తీసి బీరువాలో పెట్టేస్తాం. ఏ వైరూ లేదు, ఏ వైఫై లేదు. వైరస్ దాని దాకా వెళ్లలేదు. 2011లో ఒక సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల కొంతమంది జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోయాయి. ఆన్‌లైన్‌లో ఉన్న కాపీలు కూడా పోయాయి. గూగుల్ ఆ మెయిల్స్‌ని టేపుల నుంచే తిరిగి తెచ్చింది.

రెండో లాభం సైజు. ఎల్‌టీఓ-9 అనే రకం క్యాసెట్ అరచేతిలో పడుతుంది, 18 టెరాబైట్లు పడతాయి. చల్లగా, పొడిగా ఉంచితే 30 ఏళ్ల దాకా ఉంటుందని తయారీదారులు చెప్తారు. ఊరికే ఉంచితే కరెంట్ ఖర్చు కూడా లేదు.

మరి నష్టాలు? మొదటిది డబ్బు. క్యాసెట్ వేలల్లో దొరుకుతుంది గానీ, దాన్ని చదివే డ్రైవ్ లక్షల్లో ఉంటుంది.

రెండోది టైమ్. టేప్ ఒక కొస నుంచి చుట్టుకుంటూ పోవాలి. ఒక్క బిల్లు కావాలన్నా ముందు బ్యాకప్ మొత్తం డిస్క్ మీదికి దింపుకోవాలి. సెకనుకి 400 మెగాబైట్ల లెక్కన నిండు క్యాసెట్ చదవడానికి 12 గంటలు దాటుతుంది. అందుకే రోజువారీ బ్యాకప్ డిస్క్ మీద ఉంచి, వారానికో నెలకో టేప్ మీదికి ఎక్కిస్తారు.

మూడోది చాలామంది మర్చిపోయేది. ఎల్‌టీఓ-9 డ్రైవ్ దాని ముందు తరం క్యాసెట్ ఒక్కటే చదవగలదు, అంతకన్నా పాతవి చదవదు. క్యాసెట్ 30 ఏళ్లు బతికినా, చదివే మిషన్ ఉండాలి కదా!

మరి మన ముత్యాల షాపుకి టేప్ కావాలా? అక్కర్లేదు. కొన్ని జీబీల డేటాకి అది దండగ. కానీ టేప్ నేర్పే పద్ధతి కావాలి. రెండు పోర్టబుల్ హార్డ్ డిస్కులు కొనండి. వారానికోసారి ఒకదాని మీద బ్యాకప్ తీసి, వైరు పీకేసి, మూసీకి దూరంగా, ఎత్తులో ఉండే చుట్టాల ఇంట్లో పెట్టండి. వచ్చే వారం రెండోది. దారిలో పోయినా ఎవరూ చదవకుండా పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి. ఆ పాస్‌వర్డ్ మాత్రం ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

ఇంకో మాట. డేటాబేస్ నడుస్తుండగా ఫైల్ కాపీ కొడితే సగం రాసిన లెక్కలు రావచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఉండే బ్యాకప్ ఆప్షనే వాడండి. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి ఉద్దెర లెక్క సరిగ్గా ఉందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్ముకోలేం.

మీ ఇంట్లో షాపు ఉంటే ఈ ఆదివారం అరగంట కూర్చుని మీ నాన్నగారికి ఈ పని చేసిపెట్టండి. డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్.